గునపం దిగకముందే

హైదరాబాద్ తూర్పు దిక్కున నేలను తవ్వే పనులు మూడు వైపుల నుంచి ముంచుకొస్తున్నాయి. మొదటిది మూసీ. జంట జలాశయాల దిగువ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరి గౌరెల్లి దాకా దాదాపు 55 కిలోమీటర్ల నదీతీరాన్ని తీర్చిదిద్దుతామని ప్రభుత్వం చెబుతోంది. మూసారాంబాగ్, చైతన్యపురి, కొత్తపేట, నాగోల్ ఒడ్డులన్నీ అందులోకి వస్తాయి. రెండోది మెట్రో. ఎల్‌బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాకా 7.1 కిలోమీటర్ల మార్గం, నాగోల్ నుంచి ఎల్‌బీ నగర్, కర్మన్‌ఘాట్, చంపాపేట మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే మరో మార్గం రెండో దశ ప్రతిపాదనల్లో ఉన్నాయి. మూడోదాన్ని ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు, కానీ అందరికీ కనిపిస్తూనే ఉంది. మలక్‌పేట నుంచి హయత్‌నగర్ దాకా జాతీయ రహదారికి అటూ ఇటూ పాత ఇళ్లు పడగొట్టి, సెల్లార్లు తవ్వి, అంతస్తుల మీద అంతస్తులు లేపుతున్నారు.

నదిలో మురుగు పారుతోంది, దాన్ని బాగుచేయాల్సిందే. హయత్‌నగర్ నుంచి రోజూ నగరంలోకి వచ్చిపోయే ఉద్యోగులకూ విద్యార్థులకూ మెట్రో కావాల్సిందే. ఈ పత్రిక అభ్యంతరమల్లా పనుల వరుస గురించే. తవ్వే చోట ఏముందో ముందు చూసి, కొలిచి, రాసిపెట్టి, ఆ తర్వాత యంత్రాలు దించడం పద్ధతి. మన దగ్గర యంత్రాలు దిగాక, ఏదో ఒకటి బద్దలయ్యాక, దాని ఫొటో పేపర్లో పడ్డాక అధికారులు పరుగున వస్తారు. ఈసారి అలా జరిగితే పోయేవి మళ్లీ తెచ్చుకోలేనివి.

అసలు ఆ వైపు పోవడానికి ఏముందని అడిగేవాళ్లున్నారు. దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, చీరల దుకాణాలు. ఎల్‌బీ నగర్ అంటే విజయవాడ బస్సుల కోసం జనం నిలబడే చౌరస్తా. చరిత్ర కావాలంటే చార్మినార్‌కు పోవాలి, గోల్కొండకు పోవాలి. పాలకుల ఆలోచనా ఇలాగే నడిచింది. 2007లో ఎల్‌బీ నగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిసేదాకా ఇవి శివార్లు. శివారులో ఉండేవి ప్లాట్లు, లేఅవుట్లు, సర్వే నంబర్లు అన్నట్టే లెక్క. కానీ ఈ నగరంలో అన్నింటికన్నా పాత రాత ఉన్నది చార్మినార్ దగ్గర కాదు, చైతన్యపురిలో.

చైతన్యపురి మెట్రో స్టేషన్‌లో దిగి మూసీ వైపు కాలనీ సందుల్లోంచి వెళ్తే ఫణిగిరి గుట్ట వస్తుంది. అక్కడ కొసగుండ్ల నరసింహస్వామి గుడి ఉంది. ఆ గుడి దగ్గరి బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఒక శాసనం చెక్కి ఉంది. విష్ణుకుండిన రాజు గోవిందవర్మ కాలంనాటిది, అంటే 5వ శతాబ్దానిది. గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారాన్నీ, ఇంటింటా భిక్ష అడిగి బతికే పిండపాతిక భిక్షువుల నివాసాన్నీ అది ప్రస్తావిస్తుంది. 1591లో చార్మినార్ లేచేనాటికే ఈ అక్షరాలకు వెయ్యేళ్లు దాటాయి.

విష్ణుకుండినులు ఒక మూల ఏలిన చిన్న సామంతులు కారు. కృష్ణా, గోదావరి తీరాల మధ్య తెలుగు నేలలో చాలా భాగాన్ని ఏలిన వంశం అది. యాదాద్రి భువనగిరి జిల్లా తుమ్మలగూడెంలో దొరికిన తామ్రశాసనాలు ఇంద్రపాలనగరాన్ని ఆ వంశంతో ముడిపెట్టాయి. గోవిందవర్మ బౌద్ధానికి ఇచ్చిన ఆదరణ వాటిలోనూ కనిపిస్తుంది. తుమ్మలగూడెం రాగిరేకులనూ చైతన్యపురి బండనూ పక్కపక్కన పెట్టి చదివితేనే తెలంగాణ నడిబొడ్డున బౌద్ధం ఎంతకాలం నిలిచిందో, రాజులు దాన్ని ఎలా పోషించారో అర్థమవుతుంది. రాగిరేకులను మ్యూజియంలో పెట్టి తాళం వేయవచ్చు. బండను అలా తీసుకెళ్లలేం. అది ఎక్కడుందో అక్కడే దానికి విలువ. అక్కడినుంచి కదిపితే విహారం ఏ గుట్ట మీద, ఏ నది ఒడ్డున ఉందన్న సాక్ష్యమే చెదిరిపోతుంది.

ఆ అక్షరాలు లోతైనవి కావు. మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంటే కళ్లు చిట్లించి చూసినా రాయి రాయిలాగే ఉంటుంది. వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడినప్పుడు గీతల అంచుల్లో సన్నటి నీడ చేరి అక్షరాలు తేలుతాయి. గ్రానైటు గట్టి రాయి కాబట్టి పదిహేను వందల ఏళ్ల ఎండావానా వాటిని చెరపలేకపోయాయి. మనిషి తలుచుకుంటే ఒక్క పూట చాలు. భక్తితో పూసే ఎనామిల్ రంగు ఆ గీతలను పూడ్చేస్తుంది. పక్కన గది కట్టడానికి బండకు వేసే డ్రిల్లు పగులు తెస్తుంది. కాస్త దూరంలో బండ పేల్చినా ఆ అదురు ఈ బండ దాకా వస్తుంది. ఇవి చేసేవాళ్లు చరిత్ర మీద కోపంతో చేయరు. అక్కడ ఏముందో వాళ్లకు చెప్పినవాళ్లు లేక చేస్తారు.

2024 సెప్టెంబరులో మూసీ సర్వే బృందాలు ఈ ఒడ్డుకు వచ్చి ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టాయి. ఫణిగిరి కాలనీ, చైతన్యపురి జనం రోడ్డెక్కారు. బ్యాంకు అప్పు తీర్చుకుంటూ కట్టుకున్న ఇల్లు పోతుందన్న భయం వాళ్లది. ఆ భయం న్యాయమైనది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: శాసనాన్ని కాపాడాలనడం ఆ ఇళ్లను కూల్చడానికి ఇంకో సాకు కాకూడదు. బండకూ దాని చుట్టూ ఉన్న గుట్టకూ రక్షణ ఇవ్వడానికి కాలనీని ఖాళీ చేయించనక్కర్లేదు. పైగా ఆ గుట్టను ఇంతకాలం గుడి ద్వారా, పండుగల ద్వారా కనిపెట్టుకుని ఉన్నది ఆ చుట్టుపక్కల జనమే. గోడగోడకూ టేపు పెట్టి కొలిచిన అధికారులు ఆ బండను కూడా కొలిచి మ్యాపులో పెట్టారా అన్నదే మన ప్రశ్న. పెట్టి ఉంటే ఆ మ్యాపును జనానికి చూపాలి.

మూసారాంబాగ్ వైపు వస్తే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. 1755లో ఫ్రాన్స్‌లో పుట్టి, 1775లో పాండిచ్చేరి చేరి, తర్వాత రెండో నిజాం అలీ ఖాన్ కొలువులో సేనాధిపతి అయిన మనిషి. తుపాకులు, ఫిరంగులు పోతపోసే కార్ఖానాలు పెట్టించాడు. గన్‌ఫౌండ్రీ అన్న పేరు నగరానికి అలా వచ్చిందే. ఆయన్ని హిందువులు మూసా రాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. ఏటా ఆయన వర్ధంతికి సమాధి దగ్గర దీపాలు వెలిగించేవారు. 1798 మార్చి 25న ఆయన చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరు 1న నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం మీద సంతకం చేశాడు. అక్టోబరు 22న ఫ్రెంచి అధికారుల కింద ఉన్న దాదాపు 14 వేల మంది సైన్యాన్ని కంపెనీ బలగాలు చుట్టుముట్టి ఆయుధాలు కింద పెట్టించాయి. దక్కనులో ఫ్రెంచివాళ్ల కథ ఆ రోజుతో ముగిసింది. ఆ తర్వాత 1947 దాకా హైదరాబాద్ రాజకీయం బ్రిటిష్ రెసిడెన్సీ గుమ్మంలోనే నడిచింది. రేమండ్ ఇంకో రెండేళ్లు బతికి ఉంటే ఏమయ్యేదని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ మలుపుకు గుర్తుగా మనకు మిగిలినవాటిలో కళ్లతో చూడగలిగింది ఆయన సమాధి దగ్గరి నల్లరాతి స్తంభమే.

సుమారు ఏడు మీటర్ల ఎత్తున నాలుగు పలకలుగా లేచి పైకి సన్నబడే స్తంభం అది. దాని మీద ఆయన పేరులోని తొలి అక్షరాలు, జె, ఆర్, తప్ప గొప్పలు చెప్పే రాత ఏదీ లేదు. ఎదురుగా గ్రీకు తరహా స్తంభాల మండపం. ఆ మండపం 2001 అక్టోబరు వానలకు కూలిపోయింది. రెండు వందల ఏళ్లు నిలిచిన కట్టడం, దక్కను వానలన్నీ చూసిన కట్టడం, మన పాలనలో ఒక వానాకాలంలో నేలకొరిగింది. తర్వాత పురావస్తు శాఖ దాన్ని మళ్లీ నిలబెట్టింది. అందుకు శాఖను మెచ్చుకోవాలి. అయినా ఒక తేడా మరవకూడదు. తిరిగి కట్టిన మండపం పాత మండపం ఎలా ఉండేదో చెబుతుంది కానీ పాత మేస్త్రీ చేతి పనిని తిరిగి ఇవ్వలేదు. కూలక ముందు స్తంభాల కింద నేల ఎలా ఉంది, నీరు ఎటు పోతోంది, వాలు ఎంత అని ఏటా ఒక్క పుటలో రాసిపెట్టినా ఆ ప్రమాదం ముందే పసిగట్టేవాళ్లం. ఇప్పుడు గుట్ట చుట్టూ ఇళ్లు దగ్గరికొచ్చాయి. అదే గుట్ట మీద 1880ల్లో పైగా వంశపు నవాబు, ఆనాటి ప్రధాని సర్ ఆస్మాన్ జా కట్టించిన కోటలాంటి మహల్ ఉంది. ఇప్పుడందులో బడి నడుస్తోంది. మలక్‌పేట గంజ్ వైపు ఆరో నిజాం వాడిన మహబూబ్ మాన్షన్ పైకప్పులు పోయి, గోడల్లో చెట్లు మొలిచి నిలబడింది. దాని గురించి ఇంతకన్నా రాయడానికి ఏమీ మిగల్లేదు. ఆస్మాన్‌గఢ్ గుట్టకు ఆ గతి పట్టకూడదు.

ఇక సరూర్‌నగర్ చెరువు. వారసత్వం అనగానే ఎవరికీ గుర్తురానిది ఇదే, ప్రాణాల మీదికి తెచ్చేదీ ఇదే. కుతుబ్‌షాహీల కాలంలో, 1626లో తవ్వించారని చెబుతారు. ఇప్పుడు మిగిలింది దాదాపు 99 ఎకరాలు. ఈ ప్రాంతానికి సరూర్‌నగర్ అన్న పేరు నిజాం దివాన్ అరిస్తూ జా ఇంటి స్త్రీ సురూర్ అఫ్జా మీదుగా వచ్చిందంటారు. ఆ కాలంలో ఇక్కడ ఆయన తోట ఉండేది. 1950ల దాకా చెరువు నీళ్లు శుభ్రంగా ఉండేవని పాతవాళ్లు చెబుతారు. తర్వాత చుట్టూ కాలనీలు వచ్చాయి, మురుగు వచ్చింది, గణేశ్ నిమజ్జనాలు వచ్చాయి.

పాతకాలపు చెరువు అంటే గొయ్యి కాదు. కట్ట, తూము, మత్తడి, పైచెరువు నుంచి నీళ్లు తెచ్చే కాలువ, కింది చెరువుకు పంపే కాలువ, ఇవన్నీ కలిసిన ఒక ఏర్పాటు. మీర్‌పేట, జిల్లెలగూడ వైపు చెరువులు నిండి మత్తడి దూకితే ఆ నీరు సరూర్‌నగర్‌కు వస్తుంది. సరూర్‌నగర్ నిండితే మూసీకి పోతుంది. గొలుసుకట్టు చెరువుల్లో ఇదొక లంకె. నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంజినీర్లు నేల వాలు చూసి గీసిన ఆ గీతలు ఇవాళ్టికీ చెరిగిపోలేదు. మనం శిఖం భూముల్లో ప్లాట్లు కోసి, కాలువల మీద రోడ్లు వేసినా నీళ్లకు పాత దారి తెలుసు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు ఆ నీళ్లు ఇళ్ల గుమ్మాల్లోంచే నడిచాయి. సరూర్‌నగర్ కింది కోదండరాంనగర్ లాంటి కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. నేల అంతస్తు వాళ్లు బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు భుజాన పెట్టుకుని డాబాల మీదికెక్కారు. పెద్ద వాన వచ్చిన ప్రతిసారీ అక్కడ అదే తంతు.

చెరువును పాత కట్టడంగా గుర్తించి ఉంటే ఏమయ్యేది? మత్తడి ఎత్తు ఎంత, తూము ఎక్కడ, పూర్తిస్థాయి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) గీత ఎక్కడ అన్నవి గుడి శిఖరం ఎత్తులాగా చెక్కుచెదరని కొలతలుగా రికార్డయ్యేవి. వాటిని మార్చాలంటే ఎవరో ఒకరు కారణం చెప్పి సంతకం పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఎఫ్‌టీఎల్ హద్దు ఒక్కో సర్వేలో ఒక్కో చోట తేలుతోందన్న ఫిర్యాదు నగరంలో ఏ చెరువు దగ్గరికెళ్లినా వినిపిస్తుంది. 2024 జులైలో ప్రభుత్వం హైడ్రా అనే సంస్థను ఏర్పాటు చేసి చెరువుల ఆక్రమణలు కూల్చడం మొదలుపెట్టింది. కూల్చివేతలకు ముందు చేయాల్సిన పని పాత నీటి పటాన్ని బయటికి తీయడం. నిజాం కాలపు రెవెన్యూ పటాల్లో ఈ చెరువులు, కాలువలు, కట్టలు గీసి ఉన్నాయి. వాటిని నేటి ఉపగ్రహ చిత్రం మీద పరిచి ప్రతి కాలనీ సంక్షేమ సంఘానికీ ఒక ప్రతి ఇవ్వాలి. తాము కొంటున్న ప్లాటు పాత మత్తడి వాగులో ఉందో లేదో జనం తామే చూసుకుంటారు.

చైతన్యపురికీ ఎల్‌బీ నగర్‌కూ నడుమ మెట్రో రైలు ఆగే స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. రోజూ దిగేవాళ్లలో చాలామంది ఆ పేరున్న భవనం కేసి చూడకుండానే వెళ్లిపోతారు. 1901లో బ్రిటిష్ రాణి చనిపోయాక ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆమె పేరిట ఇక్కడ అనాథాశ్రమం పెట్టించాడు. తన కోసం మొదలుపెట్టించిన మహల్‌నే అలా మార్చాడంటారు. విశాలమైన వరండాలు, మధ్యలో ఎత్తైన భవనం, చుట్టూ దాదాపు 70 ఎకరాల ఖాళీ స్థలం. దిక్కులేని పిల్లలు ఎన్నో తరాలుగా ఇక్కడే తిని, చదువుకుని, ఉద్యోగస్తులై వెళ్లారు. వీఎం హోం అంటే ఇక్కడివాళ్లకు ఆత్మీయమైన పేరు. ఈ పక్కన గజం స్థలం ధర ఏటేటా పెరుగుతున్నప్పుడు 70 ఎకరాలు ఖాళీగా ఉండడం చాలామంది కళ్లలో పడుతుంది. కొంత భాగాన్ని పోలీసు కమిషనరేట్ కోసం కేటాయించాలన్న ఆలోచన వచ్చినప్పుడు పూర్వ విద్యార్థులు అడ్డుకున్నారు. ప్రభుత్వ కార్యాలయాలకు స్థలం కావాలి, నిజమే. అయితే ఆ భూమి ఒక ధర్మకార్యానికి ఇచ్చినది. పిల్లల ఆటస్థలంలోంచి ఇవాళ పదెకరాలు, రేపు ఇంకో అయిదెకరాలు కోస్తూ పోతే చివరికి మిగిలేది నడుమ ఉన్న భవనం, దాని చుట్టూ ప్రహరీ. అప్పుడు దాన్ని శిథిలమైందని చెప్పి తీసేయడం తేలిక. నగరంలో ఎన్నో దేవిడీలు ఇలాగే పోయాయి. ముందు తోట పోయింది, తర్వాత గుర్రపుశాల, చివరికి ఇల్లు.

వీటిని కాపాడే చట్టం లేదా? ఉండేది, సడలింది. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ నిబంధనల్లో 13వది వారసత్వ కట్టడాల గురించిన రక్షణ. 1995 నుంచి ఒక జాబితా ప్రకటించి, అందులోని కట్టడాల్లో మార్పుచేర్పులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. 2015 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. రెండింటి మధ్య పడిన సందు ఎంత ప్రమాదకరమో ఇర్రం మంజిల్ చూపించింది. దాన్ని పడగొట్టి కొత్త శాసనసభ కట్టాలని మంత్రివర్గం తీర్మానిస్తే, 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఖైరతాబాద్ ఎర్రమంజిల్ నడిరోడ్డు మీద కనిపించే మహల్ కనుక పౌరులు, వాస్తుశిల్పులు, లాయర్లు కదిలారు. పాతబస్తీ మెట్రో విషయంలోనూ వారసత్వ కట్టడాల మాట హైకోర్టు దాకా వెళ్లింది. ఫణిగిరి గుట్ట మీది బండ కోసం, సరూర్‌నగర్ మత్తడి కోసం కోర్టుకెళ్లేదెవరు? కోర్టు తలుపు తట్టాల్సిన అవసరమే రాకుండా చూడడం ప్రభుత్వం బాధ్యత.

మెట్రో పనికీ పాత కట్టడాలకూ ఏమిటి సంబంధమని కొట్టిపారేసేవాళ్లు జర్మనీలోని కొలోన్ నగరంలో జరిగింది తెలుసుకోవాలి. రోమన్లు వేసిన పునాదుల మీద పెరిగి, 1475 నుంచి చక్రవర్తికి తప్ప ఇంకెవరికీ తలవంచనక్కర్లేని స్వతంత్ర సామ్రాజ్య నగరంగా వెలిగిన ఊరది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి నగరం నేలమట్టమైనా, దాని చారిత్రక పత్రాలు భద్రంగా బయటపడ్డాయి. 922వ సంవత్సరం నాటి పత్రం కూడా వాటిలో ఉంది. 2009 మార్చి 3న మధ్యాహ్నం ఆ పత్రాలున్న భవనం నిమిషాల్లో కుప్పకూలింది. ఎదురుగా వీధి కింద కొత్త రైలు మార్గం కోసం తవ్విన గోతి అడ్డుగోడలో లోపం ఉండడంతో మట్టీ నీరూ గోతిలోకి జారాయి, పైనున్న నేల కుంగింది. పక్క ఇళ్లలోని ఇద్దరు యువకులు చనిపోయారు. పత్రాల్లో దాదాపు 90 శాతం శిథిలాల కింద పడ్డాయి. తడిసి, చిరిగి, బురద పట్టిన ఆ కాగితాలను అతికే పని ఇంకా దశాబ్దాలు సాగుతుందని అక్కడి నిపుణులే చెబుతున్నారు. యుద్ధం చేయలేని పనిని ఒక గోతి గోడ చేసింది.

ఆ దేశంలో ఇంజినీర్లకు లోటు లేదు, నిబంధనలకు లోటు లేదు. అదే రైలు మార్గం వెంట పురావస్తు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తవ్వి రోమన్ కాలపు ఆనవాళ్లెన్నో బయటికి తీశారు కూడా. అన్నీ ఉన్నచోట ఒక్క పర్యవేక్షణ తప్పితే అంత నష్టం జరిగింది. ముందస్తు సర్వే అన్న మాటే వినపడని మన దగ్గర ఏమి జరగవచ్చో ఊహించడం కష్టం కాదు. అదే కొలోన్‌లో ఇంకో సంగతీ ఉంది. నదికి ఆవల ఆకాశహర్మ్యాలు లేపే ప్రణాళిక వల్ల 2004లో యునెస్కో అక్కడి మహా చర్చిని ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలో పెట్టింది. నగరం తన ప్రణాళిక మార్చుకున్నాక 2006లో తీసేసింది. ఒక పాత గోపురం కనిపించడం కోసం కొత్త భవనాల ఎత్తు తగ్గించుకున్నారు. దానివల్ల ఆ నగరం అభివృద్ధి ఆగిపోలేదు.

మన చేతుల్లో ఉన్నదేమిటి? మూసీ, మెట్రో పనుల కోసం భూసేకరణ నోటీసులు ఇచ్చేముందే వారసత్వ శాఖ, జీహెచ్‌ఎంసీ, రెవెన్యూ కలిసి నాగోల్ నుంచి మలక్‌పేట దాకా, హయత్‌నగర్ నుంచి సరూర్‌నగర్ దాకా పాత కట్టడాలు, శాసనాలు, బావులు, చెరువు కట్టల పటం తయారుచేసి తెలుగులో ప్రచురించాలి. ఫణిగిరి శాసనానికి నిపుణులతో కొత్తగా అచ్చు ప్రతి తీయించి, త్రీడీ స్కాన్ చేయించి భద్రపరచాలి. బండ చుట్టూ ఎంత దూరంలో పేలుళ్లు, డ్రిల్లింగ్ చేయకూడదో కాంట్రాక్టులోనే రాయాలి, ఉల్లంఘిస్తే బిల్లులో కోత పడేలా. ఆస్మాన్‌గఢ్ గుట్ట దగ్గర, వీఎం హోం దగ్గర పాత గోడల పగుళ్ల మీద పరికరాలు అమర్చి నెలనెలా కొలతలు రాయాలి. ఇవేవీ కోట్లు మింగే పనులు కావు. రెండో దశ మెట్రోలో 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్లు లెక్కగట్టిన ప్రభుత్వానికి ఈ ఖర్చు లెక్కలోకే రాదు.

సర్వేలో స్థానికుల మాట కూడా వినాలి. ఏ సందులో పాత మెట్లబావి పూడ్చారో, ఏ ఇంటి పునాది తవ్వితే చెక్కిన రాళ్లు బయటపడ్డాయో అక్కడి మేస్త్రీలకు తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు. పునాదుల్లో ఏదైనా దొరికితే పని ఆగిపోతుందన్న భయంతోనే వాళ్లు నోరు మెదపరు. చెప్పినవాళ్లకు నష్టం జరగదని, అనుమతులు వారంలోపే తేలుస్తామని శాఖ రాతపూర్వకంగా హామీ ఇస్తే ఆ భయం సగం తగ్గుతుంది.

అన్నింటికన్నా దగ్గరపడిన గడువు హయత్‌నగర్‌ది. కుతుబ్‌షాహీ రాజ్యంలో మహమ్మద్ కులీ కూతురుగా, సుల్తాన్ మహమ్మద్ భార్యగా, అబ్దుల్లా తల్లిగా మూడు తరాలు పరిపాలనను దగ్గరుండి నడిపిన హయత్ బక్షీ బేగం పేరు ఆ ఊరికి ఉంది. ఆమె పేరిట ఎత్తైన అరుగు మీద అయిదు కమానుల మసీదు, చుట్టూ బాటసారుల కోసం గదులు, పక్కనే హాథీ బావి అని పిలిచే పెద్ద మెట్లబావి ఉన్నాయి. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్లే సరుకు బళ్లు ఈ దారినే పోయేవి. ఇప్పటి విజయవాడ రహదారి పోతున్నదీ అటే, మెట్రో వెళ్లబోతున్నదీ అటే. పిల్లర్ల పునాదుల కోసం లోతుగా తవ్వితే చుట్టుపక్కల భూగర్భజలం దారి మారుతుంది, పాత బావి గోడలు బీటలు వారే ప్రమాదం ఉంది. మసీదు అరుగు, గదుల గోడలు, బావి లోపలి రాతికట్టు ఇవాళ ఏ స్థితిలో ఉన్నాయో ఇంజినీర్లు, పురావస్తు నిపుణులు కలిసి కొలిచి, ఫొటోలతో సహా రికార్డు చేసి, ఆ నివేదికను మార్గం ఖరారు చేసే ఫైలులో చేర్చాలి. స్టేషన్ ఎక్కడ రావాలి, పిల్లర్లు రోడ్డుకు ఏ వైపున దిగాలి అన్నది ఆ నివేదిక చదివాకే తేల్చాలి. రోడ్డు మీద తెల్ల సున్నంతో పిల్లర్ గుర్తులు పడ్డాక మార్గం మార్చమని అడిగితే ఏ కాంట్రాక్టరూ ఒప్పుకోడు, ఏ మంత్రీ వినడు.